దొరతనం నేర్పిన బడి

పరాయి దేశాలను ఏలడానికి మనుషులను తయారుచేసిన యూనివర్సిటీ ఒకటి ఐరోపాలో ఉండేది. దాని పేరు రాయను. ఆ ఊరు నేను చూడలేదు, చూడాలన్న కోరికా లేదు. అయినా అక్కడి చదువు నాకు అబ్బింది. ఒమాన్‌లో ఖురియాత్ దగ్గర, కొండల మధ్య రోడ్డు వేస్తున్న రోజుల్లో, క్యాంపు ఆఫీసు రేకుల గదిలో కూర్చుని నేర్చుకున్నాను. నాకు నేర్పినాయన ఆ యూనివర్సిటీ చివరి బ్యాచ్ విద్యార్థి.

అప్పటికి నేను వచ్చి రెండేళ్లు. మాది జగిత్యాల దగ్గర పల్లె. డిగ్రీ మధ్యలో వదిలేసి మేస్త్రీ హెల్పర్ వీసా మీద వచ్చినవాణ్ణి. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చని తెలిసి కంపెనీ నన్ను క్యాంప్ ఇన్‌చార్జిని చేసింది. క్యాంపులో సగం మంది మా జిల్లాల వాళ్లే. తట్ట దించి పెన్ను పట్టేసరికి నేనేదో కలెక్టరునైపోయానని అనుకున్నాను.

నాకు నేర్పిన ముసలాయన కంపెనీకి సలహాదారు. డెబ్బై దాటినా నిటారుగా నడిచేవాడు. బౌషర్‌లో ఫ్లాటు, ఒంటరి బతుకు. ప్రతి బుధవారం మా క్యాంపుకి వచ్చేవాడు. మావాళ్లు ఆయన్ని దొర అనేవాళ్లు. మా వైపు ఆ మాట ఊరికే నోటికి రాదు. మా తాత గడీలో వెట్టి చేసినవాడు, దొర వాకిలి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాడు. ఆయన మనవణ్ణి నేను దొర పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, పాలు లేని టీ తాగేవాణ్ణి. గర్వంగా ఉండేది, అబద్ధమెందుకు.

టీ తాగుతూ ఆయన తన బడి చరిత్ర చెప్పేవాడు. మొదట అది నది ఒడ్డున ఒక అద్దె ఇల్లట. వలస దేశానికి ఉద్యోగానికి పోయే కొద్దిమంది కుర్రాళ్లకు అక్కడి భాష నేర్పడానికి పెట్టారట. తర్వాత రాజు స్థలమిచ్చాడు, ఓడల వ్యాపారులు భవనం కట్టించారు. అద్దాల ఇంట్లో రబ్బరు మొక్కలు పెంచారు. ఒక పెద్ద హాలు నిండా ఆ దేశం నుంచి తెచ్చిన బల్లేలు, డప్పులు, ఎవరి ఇంటి దేవుళ్లో తెలియని కొయ్య బొమ్మలు. పొద్దున చట్టం, మధ్యాహ్నం భూమి కొలత, సాయంత్రం గుర్రపు స్వారీ. భాష నేర్పడానికి ఆ దేశపు పంతులొకాయన్ని ఓడలో తెప్పించారు. ఆయన చలికి దగ్గుతూనే పాఠం చెప్పేవాడని, భోజనం మాత్రం వేరే గదిలో పెట్టేవారని దొర చాలా మామూలుగా చెప్పాడు.

ఆ దేశపు జనం పెళ్లిళ్లు, పగలు, పండుగలు, ఎవరి మాట ఎవరు వింటారు, అన్నీ పాఠాలేనట. "మరి మీరెందుకు ఏలాలో చెప్పారా?" అని ఒకసారి అడిగాను. ఆయన నిజంగానే ఆలోచించి, "ఆ ప్రశ్న మాలో ఎవరికీ రాలేదు" అన్నాడు.

ఆయన నాలుగేళ్లు ఉద్యోగం చేశాడో లేదో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. యూనివర్సిటీ బోర్డు మార్చి, అవే గదుల్లో పేద దేశాల అభివృద్ధి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆయనలాంటి ఆఫీసర్లు గల్ఫ్ కంపెనీల్లో సర్దుకున్నారు. ఏలడం ఒక్కటే వచ్చిన మనుషులకి ఇక్కడ ఏలడానికి మేం దొరికాం.

ఆయన నాకు నేర్పిన ముఖ్యమైన పని డైరీ. వాళ్ల బడిలో ప్రతి ఆఫీసరూ రోజూ డైరీ రాయాలి. ఏం జరిగిందన్నది అందరూ రాస్తారు, జనం ఏమనుకుంటున్నారో రాసేవాడే ఆఫీసరు అనేవాడు. "పదిమంది కూర్చున్న చోట ఒకడుంటాడు. మాట్లాడబోయే ముందు మిగతావాళ్లు అతని ముఖం చూస్తారు. అతనెవరో కనిపెట్టడమే నీ పని" అన్నాడు. నాకది గొప్ప విద్యలా తోచింది. రోజూ రాసి, బుధవారం ఆయన చేతికిచ్చేవాణ్ణి. ఆయన నా ఇంగ్లీషు కూడా దిద్దేవాడు.

మా క్యాంపులో ఆ ఒకడు స్టీల్ ఊచలు కట్టే అన్న. పక్క మండలం మనిషి, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. శుక్రవారం సెలవు నాడు తన రూములో తునకల కూర వండితే నన్ను పిలవకుండా తినేవాడు కాదు. ఒక జూన్ నెల సోమవారం, డ్యూటీ నుంచి రాగానే పిలిచి అన్నం పెట్టి చెప్పాడు.

"తమ్మీ, సైట్ల ట్యాంకి నీళ్లు ముడితె చెయ్యి కాల్తంది. పగటీలి రెస్ట్ అంటరు, ఏడ పండాలె? గింత నీడ లేదు. శనివారం సైట్ బస్సెక్కద్దనుకుంటున్నం. లొల్లి చెయ్యం. ఉత్తగ కూసుంటం."

చేతులు కడుక్కుని ఆఫీసుకి పోయి రాశాను. అతని పేరు, కార్డు నంబరు, 'ఇతను చెబితే మిగతావాళ్లు వింటారు' అన్న వాక్యం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. నేను లెక్కపెట్టి ఊరుకోలేదు, రాసి పైకి పంపాను. బుధవారం దొర ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, మొదటిసారి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

గురువారం పొద్దున ఒక పికప్ వచ్చింది. సిటీలో ఘుబ్రా సైటులో అర్జెంటు పని ఉందని అన్నను ఎక్కించుకుపోయింది. శనివారం అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకుని బస్సెక్కారు. పదిహేను రోజులకు అన్న వీసా రద్దయింది. ఘుబ్రా నుంచి నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, నువ్వు ముదీర్‌కు ఒక్క మాట చెప్పరాదు. నేనొక్కణ్ణి ఏం తప్పు చేసిన్నో అడుగు. ఊర్లె ఇల్లు గోడల కాడ ఆగింది, గీ ఒక్క ఏడాది ఉండనియ్యమను. నీ మాట ఇంటరు."

"అడుగుత అన్నా" అన్నాను. ముదీర్‌ని, అంటే మేనేజర్‌ని, అడగలేదు. భయమో, నా కుర్చీ మీద ప్రేమో, రెండూనో. సిగ్గుగా ఉంది ఇది రాస్తుంటే.

అన్న విమానం ఎక్కిన వారానికే సైట్‌లో పచ్చ గుడ్డ పందిళ్లు వేశారు, ఐస్ పెట్టెలు దించారు. "నీ పుణ్యాన వచ్చినయి తమ్మీ" అని మావాళ్లు నా భుజం తట్టారు. నేను కాదనలేదు. కొందరు మాత్రం నేను రూములోకి వస్తే మాటలు ఆపేసేవాళ్లు. ఆ ఏడాదే నాకు హెడ్ ఆఫీసుకు ప్రమోషన్ వచ్చింది. దొర తన దేశం వెళ్లిపోతూ నాకొక లావుపాటి పుస్తకం ఇచ్చాడు, వాళ్ల యూనివర్సిటీ చరిత్ర. కొన్నాళ్లకు ఆయన పోయాడని కబురొచ్చింది. ఆ పుస్తకం మా ఇంట్లో ఏళ్ల తరబడి అలమరలోనే ఉంది.

పోయిన నెల కంపెనీ నన్ను కొత్త క్యాంప్ ఇన్‌చార్జీలకు ట్రైనింగ్ ఇమ్మంది. ఏం చెప్పాలో చూసుకుందామని ఆ పుస్తకం తీశాను. భవనాలు, బ్యాచ్‌ల ఫోటోలు, గుర్రాలు, అన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. చివర్లో ఒక పాత పరీక్షా పత్రం అచ్చువేశారు. కూలికి పోమని కూర్చున్న ఒక ఊరి గురించి ఆఫీసరు రాసిన డైరీ ఇచ్చి, కింద ప్రశ్నలు. ఈ ఊళ్లోంచి ఎవరిని తప్పించాలి? ఎన్ని రోజుల్లో? ఊరు అడిగినదాన్ని అతను పోయాక ఎంత వ్యవధితో ఇస్తే, అది ప్రభుత్వ దయగా కనిపిస్తుంది? పక్కనే మంచి మార్కులు తెచ్చుకున్న జవాబు కూడా ఉంది. మా క్యాంపులో జరిగిందంతా వరస తప్పకుండా అందులో ఉంది. ఆ ఊరు చూడని కుర్రాడెవరో ఎప్పుడో రాసిన జవాబును నేను మా అన్న మీద అచ్చుగుద్దినట్టు అమలు చేశాను.

ట్రైనింగ్‌లో డైరీ పాఠం నేను చెప్పనని మరునాడే మేనేజర్‌తో అన్నాను. ఆయన భుజాలెగరేసి, వేరేవాళ్లతో చెప్పిస్తానన్నాడు. దాంతో నా మనసు కుదుటపడలేదు. ఇన్నేళ్లలో అన్న నాకు ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. రాసింది నేనని ఆయనకు తెలియదనే ధైర్యంతో బతికాను. ఆయన ఊరివాళ్ల దగ్గర నంబరు తీసుకుని, శుక్రవారం పొద్దున చేశాను.

"ఏం తమ్మీ, మంచిగున్నవా? పిల్లలు మంచిగున్నరా?" గొంతు వెంటనే గుర్తుపట్టాడు.

ఒక్క గుక్కలో చెప్పేశాను. "అన్నా, నువ్వు చెప్పింది డైరీల రాసి దొరకిచ్చింది నేనే. నువ్వు పోయింది నా వల్లనే."

"నువ్వు రాస్తవనే చెప్పినం గద" అన్నాడు. "బుధవారం బుధవారం నువ్వు దొరకు కాయితాలిచ్చుడు క్యాంపుకంత ఎర్కే. మాకు ఇంగ్లీషుల రాయరాదాయె. అందరం అనుకొనే, నీకు చెప్పుమని నన్ను పెట్టిండ్రు. అందరు అడుగుతున్నరని రాసినవ్ గద?"

"లేదన్నా. నీ ఒక్కని పేరే రాసిన."

ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"ఎందుకు తమ్మీ?"

"నాకు దొర గట్లనే నేర్పిండన్నా."

"దొర వారానికి ఒక్క దినం వచ్చెటోడు" అన్నాడు. గొంతులో కోపం లేదు. "కడ్మ ఆరు దినాలు మేమే ఉంటిమి గద, తమ్మీ, నీతోని."