పీకేసిన బల్బు వెలిగింది

దయ్యాలు గియ్యాలు నేను నమ్మను. ఊర్లో ఎవరికన్నా గాలి సోకిందంటే ముందు నవ్వేది నేనే. అట్లాంటి నేనే ఇది చెప్తా ఉండా. నవ్వుకుంటే నవ్వుకోండి, జరిగింది మాత్రం నిజం.

మాది సత్యవేడు పక్కన పల్లె. ట్రాక్టరు మా మామది. ఆయన బతికున్నన్ని దినాలు నన్ను దాని సీటు మీద కూడా కూర్చోనీలేదు. ఆయన పోయినాక మా అత్త తాళం నా చేతిలో పెట్టి చెప్పింది.

"పొద్దున్నే రేడియేటరులో నీళ్లు సూడాలప్పా. ఇంజను వేడెక్కి ఎర్ర లైటు వెలిగితే ఆడే నిలిపేయాల. ఇంజనుకేమన్నా అయితే బండి చిన్నల్లుడికి ఇచ్చేస్తా."

చిన్నల్లుడంటే నా తోడల్లుడు. రేణిగుంటలో గోడౌన్ ఉద్యోగం. నాగలి ఎట్లా దించాలో కూడా తెలీదు. వాడి చేతికి ఆ బండి పోతే నేను ఊర్లో తలెత్తుకోని తిరగలేను.

ఆయుధపూజకి బండిని తళతళా కడిగినా. ముందర రేడియేటరుకి గాలి పోయే జాలికి గంధం దండిగా పూసినా. దాని మీద మూడు మూరల బంతిపూల దండ. డాష్‌బోర్డులో ఒక్కో లైటుకీ కుంకుమ బొట్టు. పూజ చేసిన దండని మనం పీకేస్తామా? ఎండి అదే రాలిపోవాల.

మూడో దినం నుంచి ఎర్ర లైటు మొదలుపెట్టింది. చల్లారినాక మూత తీసి చూస్తే నీళ్లు ఉండాయి. వేడి చూపించే ముల్లు మామ కాలంలోనే చెడిపోయింది. అర్ధగంట దున్నేసరికి లైటు వెలిగేది, నిలిపితే ఆరిపోయేది. నాకు ఒళ్లు మండిపోయింది. లైటే చెడిపోయిందని నేనే తేల్చేసి, డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి బల్బు పీకి, కాగితంలో చుట్టి టూలు పెట్టెలో పడేసినా. అబ్బా, ఎంత నెమ్మదిగా ఉండిందో!

నాలుగు దినాలు గడిచినాయి. అయిదో దినం పొద్దున పదిగంటలకి చెనిక్కాయ చేను దున్నతా ఉంటే, బల్బు లేని చోట ఎర్రగా వెలిగింది.

పైప్రాణాలు పైనే పోయినాయి. కుంకుమ మీద ఎండ పడిందేమో అని తుండుగుడ్డతో తుడిచినా. ఇంకా బాగా వెలిగింది. చేత్తో నీడ పట్టినా. అయినా వెలగతానే ఉండాది. బండి ఆపితే ఆరిపోయింది, తాళం మళ్లీ తిప్పితే వెలిగింది. టూలు పెట్టె తీసి కాగితం విప్పినా. బల్బు దాంట్లోనే ఉండాది.

"మామా, ఏదో తెలీక చేసినా!" అని అరిచి కిందికి దూకినా. అప్పుడు చూస్తే బానెట్టు కింద నుంచి ఆవిరి బుస్సుమని వస్తా ఉండాది.

మెకానిక్ మస్తాన్ వచ్చి చల్లారే దాకా ఆగి మూత తీసినాడు. నీళ్లు సగానికి సగం లేవు. జాలిలో నుంచి ఎండిన పూలు, పొట్టు, గడ్డకట్టిన గంధం దోసిళ్లతో తీసినాడు.

"ఏందన్నా ఇది? బండికి ముక్కు మూసేస్తే దానికి ఊపిరి యాడ నుంచి ఆడతాది? ఇంకో పది నిమిషాలు తోలింటే ఇంజను పట్టేసేది."

లైటు సంగతి చెప్తే నవ్వినాడు. తాళం తిప్పి చూపించినా. వెలిగింది. డాష్‌బోర్డు విప్పినాడు. హోల్డరు ఖాళీ. వెనక ఇంకో బల్బు లేదు, ఏమీ లేదు. మస్తాన్ నవ్వు ఆగిపోయింది. సామాన్లు సర్దుకోని, కూలి కూడా అడక్కుండా పోయినాడు.

ఇంత వింత చూసి ఇంట్లో ఎవరికీ చెప్పలేని బతుకైపోయింది నాది. లైటు వెలిగిందని చెప్పాలంటే బల్బు పీకిందీ చెప్పాల కదా! పది దినాలు ఓర్చుకున్నా. కడుపు ఉబ్బిపోయి, పదకొండో దినం మా అత్త దగ్గర కూర్చోని మొత్తం చెప్పేసినా.

ఆమె కండ్లు తుడుచుకునింది. "మీ మామే అప్పా" అనింది.

నాకూ కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. "అవునత్తా, నన్ను కాపాడినాడు" అన్నా.

"నిన్ను కాదు, బండిని" అని చెయ్యి చాపింది. "తాళం ఇట్లియ్యి."

ఇచ్చేసినా. ఆ లైటు ఎట్లా వెలిగిందో ఈ పొద్దుకీ నాకు తెలీదు. మామే వెలిగించినాడంటే సరే, ఒప్పుకుంటా. అంత దూరం నుంచి వచ్చినాయన ఈ అల్లుడి సంగతి కూడా ఒక రవ్వ చూసిపోయింటే ఏం పోయేది?