పెండ్లి బస్సు

ఆ యుద్ధం పక్క దేశాలది, మనకెందుకులే అనుకున్నాం. మేముండే కువైట్ కూడా అలాగే దూరంగా ఉంది. ఒకరోజు తెల్లవారుజామున చెప్పాపెట్టకుండా క్షిపణులు వచ్చి మీద పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే నేను ఊళ్లోనే రుమైథియా అనే పేటకు పనికి పోతున్నాను. బస్సులో నా పక్కన కిటికీ దగ్గర కూర్చున్న జగిత్యాలామె కూతురికి స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. ఆ పిల్లకు కాసేపట్లో ఇంటర్ పరీక్ష. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది.

"గా సప్పుడేందే అమ్మా?"

"పెండ్లి బస్సెక్కిన బిడ్డా," అంటూ ఆమె నా మోచెయ్యి గిల్లింది. నేను చప్పట్లు మొదలుపెట్టాను. ఆమె హిందీలో "బిటియాకా ఇంతిహాన్", బిడ్డకు పరీక్ష, అంటూ బస్సంతటికీ సైగ చేసింది. ఇంటికి అలాంటి అబద్ధం చెప్పనివాళ్లు అందులో ఎవరున్నారు? మలయాళీలు ఈలలేశారు, ఈజిప్టు ముసలాయన పాటెత్తుకున్నాడు, డ్రైవర్ హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

పిల్ల నవ్వింది. "మంచిగ రాస్తనే అమ్మా," అంది. ఆగి, మెల్లగా చెప్పింది.

"నువ్వైతే కిటికి పక్కకు కూసోకు."

చప్పట్లు కొడుతున్న నా చేతులు ఆగిపోయాయి. ఆమె కదల్లేదు. నేనే లేచి, నా సీట్లోకి ఆమెను జరిపి, కిటికీ వైపు కూర్చున్నాను.