పంచదార మానేసిన గూడెం

అనంతగిరిలో వానాకాలం సుద్దముక్క రాయదు. బోర్డుకి చెమట పడుతుంది. ఈ సంగతి పైవాళ్ళకు మొరపెట్టుకుంటే ఇంకో పెట్టె సుద్దముక్కలు పంపారు. అంచేత తొంభైల చివర్లో అక్కడ సోషల్ చెప్పినంతకాలం నేను రాసింది తక్కువ, వాగింది ఎక్కువ.

అలా వాగిన పాఠాల్లో బానిసల వ్యాపారం ఒకటి. రెండొందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో కొందరు, చెరుకు పండించేది బానిసలని టీలో పంచదార మానేశారని చెప్పాను. పిల్లలు ఆ కబురు ఇళ్ళకు మోశారు. గూడెంలోని చర్చి పెద్ద, ఆదివారం ఆరాధన అయ్యాక అదే మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను.

ముందు వరసలో ఒకావిడ తల ఎత్తి మరీ విన్నది. ఆవిడ భర్త సంతలో సరుకులమ్మే షావుకారు దగ్గర అప్పుచేసి చనిపోయాడు. ఆ అప్పుకింద కూతురు కొండ దిగువన షావుకారింట్లో అంట్లు తోముతోంది. మా బడిలో ఏడో తరగతి సగంలో ఆగిపోయిన పిల్ల. ఇలా అప్పుకింద మనిషి ఉండిపోవడాన్ని మన్యంలో గొత్తి అంటారు. చట్టప్రకారం అది ఎప్పుడో రద్దయింది. ఆ మాట షావుకారుకి ఎవరూ చెప్పినట్టు లేదు.

పిల్ల తిరిగొచ్చేదాకా అతని దగ్గర పంచదార కొనకూడదని గూడెమంతా అనుకుంది. ఎందుకు కొనడం లేదో మాత్రం ఎవరూ చెప్పలేదు. షావుకారు మొహంమీద మాట అనేయడం అక్కడ మర్యాద కాదు. అతను ఒకటి రెండు సంతలు చూసి, వీళ్ళ నోటికి రుచి మారిందనుకుని బెల్లం దింపాడు. బాగానే అమ్ముడుపోయింది. అన్ని ఇళ్ళలోనూ చప్పటి టీ తాగుతున్న నేను కూడా కాస్త తేరుకున్నాను.

తర్వాత ఒకరోజు ఆవిడ బడికొచ్చింది. ఆ దొరల దేశంలో చివరికి ఏమైందని అడిగింది. ముందు మనుషుల్ని కొనడం, అమ్మడం ఆపుతూ చట్టం చేశారన్నాను. మరి అప్పటికే చిక్కుకున్నవాళ్ళ సంగతేమిటంది. వాళ్ళను వదలడానికి వేరే చట్టం రావాల్సి వచ్చిందని, దానికి ఇంకో పాతికేళ్ళు దాటిందని చెప్పాను. మన దేశంలో అలాంటి చట్టం ఇప్పటికే ఉందని ఊరట కూడా చెప్పాను.

ఆవిడ తడిసిన కొంగు పిండుకుంటూ అంది:

“పంచదార మానీమన్నారు, మానీసినాం. ఆడి కాడికెల్లి మా గుంటనొదిలీమని నోటితో అడగడానికి మీకింకో సట్టం రావాలేటి మాస్టారూ?”