తూర్పూ పడమరా మారిన పటం

మొన్న ఆదివారం మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం ట్రేసింగ్ పేపరు కొనుక్కొచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. చుట్ట విప్పుతుంటే గరగరమని చప్పుడైంది, అప్పుడే వేయించిన అప్పడాన్ని నెమ్మదిగా విరుస్తున్నట్టు. వంటింట్లో ఉన్న నేను గరిటె వదిలేసి వచ్చి నిలబడ్డాను. "ఏంటమ్మా?" అంది. ఏం లేదన్నాను. మెహరున్నీసా గారి గురించి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో తోచలేదు. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఆవిడ పేరు ఏ పుస్తకం అట్ట మీదా లేదు. విజయవాడలో పాత తవ్వకాల కాగితాలు దాచే ఒక ఆఫీసులో చిన్న వయసులో చేరి రిటైరయ్యేదాకా పటాలు గీశారు, చివరి రెండేళ్లూ నాకు పై అధికారిగా ఉన్నారు. అంతే. కానీ నేను ఒక కాగితాన్ని చేతిలోకి తీసుకునే తీరు ఆవిడ నేర్పిందే.

అప్పటికి నేను లైబ్రరీ సైన్సు చదివి, రెండుసార్లు గ్రూప్స్ రాసి, రెండుసార్లూ తప్పి, ఏం చేయాలో తెలియక ఉన్నాను. హైస్కూల్లో సోషల్ చెప్పే మా నాన్న ఎవరో చెబితే విని ఈ కాంట్రాక్టు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించారు. పని చెప్పుకోవడానికి చిన్నదే. మన ఊళ్లో ఎవరైనా పునాది తవ్వుతుంటేనో, కాలవ పూడిక తీస్తుంటేనో పాత ఇటుకలూ కుండపెంకులూ బయటపడతాయి. ఆఫీసు వాళ్లు వెళ్లి పద్ధతిగా తవ్వి, రాసుకుని, ఫొటోలు తీసుకుని వస్తారు. తర్వాత ఆ అధికారికి బదిలీ అవుతుంది, లేకపోతే జబ్బు చేస్తుంది, లేకపోతే ఇంకో తవ్వకం నెత్తిన పడుతుంది. రిపోర్టు సగంలో ఆగి, అచ్చుకి వెళ్లకుండా బీరువాలోకి వెళుతుంది. అలా దశాబ్దాలుగా చేరినవాటికి జాబితా తయారుచేయాలి. పటమట నుంచి సిటీ బస్సులో వెళుతూ మొదటిరోజు నేను అనుకున్నదల్లా, ఎలాగోలా ఒక ఏడాది గడిస్తే మళ్లీ పరీక్ష రాయొచ్చని.

రెండో అంతస్తులో చివరి గది. తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. కిటికీ పక్కన ఏటవాలు బల్ల దగ్గర నూలు చీర, మెడలో దారానికి వేలాడే భూతద్దంతో సన్నగా ఒకావిడ నిలబడి ఉన్నారు. నేను చొరవగా కనపడాలని దగ్గర్లో ఉన్న కట్ట ఒకటి తీసి తాడు ముడి విప్పబోయాను.

"ఆగమ్మా, ఆగు!" అన్నారు గట్టిగా. తర్వాత తనే నొచ్చుకున్నట్టు గొంతు తగ్గించి, "ఈ కట్టలో ఏది పైన ఉందో, ఏది కింద ఉందో రాసుకున్నావా?" అని అడిగారు.

"లేదండీ. పేర్లు చూసి రాద్దామని..."

"ఎవరో ఒకాయన ఏదో అనుకునే వీటిని ఈ వరసలో పెట్టి కట్టాడు. ముడి విప్పితే ఆ వరస పోతుంది. నేల తవ్వడమూ ఇంతే. పొర తీసేశాక మళ్లీ పెట్టలేం. అందుకే ముందు రాసుకోవాలి."

ఆ రోజంతా కలిపి ఆ ఒక్క కట్టే చేశాం. సాయంత్రం బస్సులో నాకు విసుగు రావాలి. రాలేదు. ఆ కట్టలో ఒక రిపోర్టు పదిహేడో పేజీలో "ఈ గోడకు ఆనుకుని ఉత్తరాన" అనే మాట దగ్గర ఆగిపోయింది. ఉత్తరాన ఏముందో ఊహిస్తూ బెంజి సర్కిల్ దాటి వచ్చేశాను.

మెహరున్నీసా గారిది చల్లపల్లి. వాళ్ల నాన్న వడ్రంగి, తలుపుల మీద లతలూ పూలూ చెక్కడంలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడట. ఆయన చెక్కే ముందు చెక్క మీద పెన్సిలుతో గీసిపెట్టే పని ఈవిడది. "మా నాన్న గీత మీద కళ్లు మూసుకుని ఉలి పెట్టేవాడమ్మా. నా గీత వంకర పోతే మంచి టేకు చెక్క పోయినట్టే. దెబ్బలేం పడేవి కాదు గానీ, ఆ చెక్క చాలారోజులు మా ఎదురుగానే ఉండేది" అని నవ్వేవారు. ఆ చేతి నేర్పే ఆవిడకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. కృష్ణా జిల్లా తెలుగు ఎంత నిండుగా మాట్లాడేవారంటే, రిపోర్టుల్లో బిగుసుకుపోయిన పుస్తకాల తెలుగు కనపడితే చదవడం ఆపేసి, "ఈయన ఇంట్లో అన్నం కూడా ఇలాగే అడుగుతాడంటావా?" అనేవారు.

ఆవిడకు అన్నిటికంటే ఇష్టం తవ్వే చోట రాసుకునే నోటు పుస్తకాలు. పైకి గంభీరంగా కనిపించే రిపోర్టుకి ఇవతల, మట్టి మరకలు పడ్డ ఆ పుస్తకాల్లో మనుషులు ఉండేవారు. "ఈరోజు వాన, గుంటలో నీళ్లు." "నాంచారమ్మకు తేలు కుట్టింది, ఇంటికి పంపాను." "పెద్ద ఇటుక మొదట చూసింది కోటయ్య." ఆఫీసు ఇచ్చిన ఫారంలో రాసినవారి పేరుకే గడి ఉంది. ఆవిడ స్కేలు పెట్టి పక్కన ఇంకో గడి గీశారు, తవ్వినవారి పేర్లకు. "ఎవరికి కావాలి మేడమ్ ఇవి?" అంటే, "ఏమో, నాకైతే కావాలి. ముందు చూసినవాడి పేరు మనకు తెలిసి కూడా రాయకపోతే ఎలా?" అన్నారు. గ్రూప్స్ పుస్తకాలు నేను ఎప్పుడు అటక ఎక్కించానో సరిగ్గా గుర్తులేదు.

రెండో ఏడాది వేసవిలో మా పేట దిబ్బ కట్ట చేతికొచ్చింది. పటమటలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల కంచె వేసిన ఖాళీ స్థలం ఒకటి ఉండేది. తుమ్మచెట్లు, సర్కారు బోర్డు, లోపలికి ఎవరూ వెళ్లకూడదు. చిన్నప్పుడు దాని పక్క నుంచే బడికి వెళ్లేదాన్ని. ఒకప్పుడు అది పెద్ద దిబ్బనీ, తవ్వితే పడమటి సగంలో పాత గోడ దొరికిందనీ, తూర్పు సగంలో చెప్పుకోదగ్గదేమీ లేదనీ రిపోర్టులో ఉంది. అందుకే పడమటి సగానికి కంచె వేసి, తూర్పు సగం వదిలేశారు. అక్కడ అపార్ట్‌మెంట్ లేచింది. నేను సంబరంగా నోటు పుస్తకం కూడా తిరగేశాను. అందులో గోడ వరసలు బయటపడ్డ ప్రతి రోజూ ఒకటే మాట: తూర్పు గుంట. ఒకచోట "పొలం గట్టు వైపు" అని కూడా ఉంది. పొలం ఉండేది తూర్పునే, మా నాన్నను అడిగి తెలుసుకున్నాను. పటంలో మాత్రం గోడ పడమర ఉంది. పటం కింద మూలన చిన్న అక్షరాల్లో గీసినవారి పేరు. మెహరున్నీసా.

రెండు రోజులు ఆ కట్ట నా బల్ల సొరుగులో దాచాను. ఆవిడ రిటైర్ కావడానికి ఇంకో రెండు నెలలే ఉన్నాయి. మూడో రోజు ఆవిడే అడిగారు. "ఏమ్మా పద్మా, అన్నం సరిగ్గా తినడం లేదు. ఇంట్లో ఏమైనా మాట వచ్చిందా?" ఇక ఆగలేక పటమూ పుస్తకమూ ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ భూతద్దం పెట్టి గీతలు చూశారు, తర్వాత అక్షరాలు చూశారు. ట్రేసింగ్ పేపరు ఎత్తి కిటికీ వెలుగుకు పట్టి, తిప్పి, మళ్లీ తిప్పి చూశారు. "గీతలు ఒక వైపున ఉన్నాయి, అక్షరాలు రెండో వైపున ఉన్నాయి" అన్నారు నెమ్మదిగా. "మొదటి రోజు పెన్సిలు పటం మీద పెట్టి గీతలు దించి ఉంటాను. మర్నాడు అక్షరాలు రాయడానికి తీసినప్పుడు కాగితం తిరగబడింది. దీనికి ముందూ వెనకా ఒకేలా ఉంటుంది కదా. తూర్పు పడమర అయిపోయింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదమ్మా అది." తవ్విన అధికారికి అప్పటికే వేరే ఊరు బదిలీ అయింది. నోటు పుస్తకం ఇక్కడే ఉండిపోయింది, ఆయన అక్కడ కూర్చుని ఈ పటం చూసే రిపోర్టు రాశారు. ఆవిడ కాగితాన్ని బల్ల మీద పెట్టి, "అంటే ఇన్నేళ్లూ ఖాళీ నేలకి కంచె వేసి కాపాడామన్నమాట" అన్నారు.

అది తెలిశాక సూపరింటెండెంటు గారు కుర్చీలో కూడా సరిగ్గా కూర్చోలేకపోయారు. చెడ్డ మనిషి కాదాయన. "అచ్చు కాని రిపోర్టండీ, ఎవరు చూడొచ్చారు? పడమర తీసేసి తూర్పు అని రాసి వదిలేయండి. పోయే ముందు మీకెందుకీ తలనొప్పి?" అన్నారు.

"అచ్చయి ఉంటే ఎవరో ఒకరు తప్పు పట్టేవారండీ" అన్నారు మెహరున్నీసా గారు. "కాలేదు కాబట్టే మనం పట్టాలి. ముందు నోటు పుస్తకం చెప్పేది నిజమో కాదో చూడాలి కదా. ఒకసారి వెళ్లొస్తాం."

ఇద్దరం ఆటోలో వెళ్లాం. ఆ అపార్ట్‌మెంటులో మొదట చేరినాయన రిటైర్డ్ లెక్కల మాస్టారు, కింది ఫ్లాట్‌లోనే ఉన్నారు. సెల్లారు తవ్వేటప్పుడు రోజూ వచ్చి చూసేవారట. "ఇటుకలా? బోలెడు వచ్చినయ్యండీ! ఇంతింత పెద్దవి. లారీల్లో తోలేశారు. బాగున్నవి మేం మొక్కల చుట్టూ పెట్టుకున్నాం, రండి" అని వెనక్కి తీసుకెళ్లారు. కరివేపాకు చెట్టు చుట్టూ, మందార పాదు చుట్టూ, ఈ రోజుల్లో ఎక్కడా కనిపించని వెడల్పాటి ఇటుకలు. మెహరున్నీసా గారు చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి పట్టుకుని మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నారు. టేపు పెట్టి కొలిచారు. మూరకు కొంచెం తక్కువ. ఒక ఇటుక మీద మట్టి దులిపితే మూడు వేళ్లతో లాగిన చారలు కనిపించాయి. పచ్చి ఇటుక మీద అప్పటివాడెవడో లాగిన గుర్తు. ఆవిడ తన వేళ్లు అందులో పెట్టి చూసుకున్నారు. "నువ్వూ పెట్టు" అన్నారు. నా వేళ్లు సరిగ్గా సరిపోయాయి. "సన్న చేతులవాడే" అంటూ నా వైపు చూసి చిన్నపిల్లలా నవ్వారు.

మాస్టారికి మాత్రం గుబులు పట్టుకుంది. "మా బిల్డింగ్ ఏమన్నా కూలగొడతారా అండీ?"

"అయ్యో, లేదండీ! మేం ఒక కాగితం సరిచేసుకుంటున్నాం, అంతే. ఈ ఇటుకలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి" అన్నారు మెహరున్నీసా గారు.

ఇటుకలన్నిటినీ అక్కడే కూర్చుని గీశారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మొహం పక్కకి తిప్పుకుని ఉన్నారు. ఎండకి కళ్లు మండుతున్నాయేమో అనుకున్నాను. కాసేపటికి, "సెల్లారు తవ్విన రోజు ఎవరైనా పక్కన నిలబడి రాసుకుని ఉంటే బాగుండేది" అన్నారు. ఎవరైనా అంటే తనే అని నాకు తెలుసు.

మర్నాడు ఆ రిపోర్టుకి జాబితాలో వివరం తనే రాశారు. ఈ పటంలో తూర్పు పడమరలు తారుమారయ్యాయి, కాగితం తిరగబడటం వల్ల జరిగింది, గోడ తూర్పు సగంలో ఉంది, ఇటుకలు ఫలానా చోట చూశాం, పొరపాటు చేసినది మెహరున్నీసా. సూపరింటెండెంటు గారు బతిమాలారు. "విషయం ఉండనివ్వండి, పేరెందుకు? పొరపాటు జరిగింది అంటే సరిపోతుంది కదా."

"ఎవరూ చేయకుండా అది ఎలా జరుగుతుందండీ?" అన్నారావిడ.

పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. దానికి జవాబు రాయడంలోనే ఆవిడ చివరి నెల గడిచిపోయింది. వీడ్కోలు సభ పెడదామన్నవాళ్లు ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆఖరి రోజు సాయంత్రం నేనూ అటెండరు సుబ్బారావు గారూ మెట్లు దిగి ఆటో దాకా వెళ్లాం. బాధపడ్డారా అంటే పడ్డారు. దాచుకోలేదు కూడా. "ఒక దండైనా వేస్తారనుకున్నానమ్మా" అని ఆటో ఎక్కారు.

మూడేళ్ల తర్వాత ఆ అపార్ట్‌మెంటుకి ఇంకా తూర్పున, రోడ్డు అవతల ఖాళీ స్థలంలో కొత్త కట్టడం మొదలవబోతోందని తెలిసింది. మా జాబితా చదివిన ఒక పరిశోధకురాలు ఆ వివరం పట్టుకుని వచ్చి, గోడ తూర్పునే ఉంటే అది అటు సాగి ఉండాలి కదా అని అడిగింది. కొత్తగా వచ్చిన అధికారి స్థలం వాళ్లతో మాట్లాడి, పునాదులకు ముందు కొన్ని వారాలు గడువు తీసుకుని తవ్వించారు. ఐదో రోజు గోడ కనిపించింది. నేను చల్లపల్లికి ఫోన్ చేశాను. మర్నాడు ఆవిడ చెల్లెల్ని తోడు తీసుకుని బస్సులో వచ్చేశారు. మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. గుంట అంచున ప్లాస్టిక్ కుర్చీ వేయించాం. వంగి చాలాసేపు చూశారు. ఆవిడ మొట్టమొదట అడిగింది గోడ ఏ కాలానిదని కాదు. "ముందు ఎవరు చూశారు?" అని అడిగారు. పలుగు పట్టుకుని నిలబడ్డ మంగమ్మను చూపించాం. ఆమెను దగ్గరకు పిలిచి, "ఎలా కనిపించిందమ్మా? మొత్తం చెప్పు" అన్నారు. ఆ చెప్పడం, ఈవిడ వినడం, మధ్యాహ్నం దాకా సాగింది. ఆ తవ్వకం రిపోర్టు ఆగిపోలేదు, అచ్చయింది. మంగమ్మ పేరు అందులో ఉంది.

ఇప్పుడు ఆ జాబితా బాధ్యత నాది. అంతా కంప్యూటర్లో ఉంది. పోయిన సంక్రాంతి సెలవుల ముందు తెలిసింది, ఒకే పేరున్న రెండు లంక గ్రామాలను నేను ఒక్కటిగా ఎక్కించానని. ఒక ఊరి తవ్వకాలన్నీ ఇంకో ఊరి ఖాతాలోకి పోయాయి. గదిలో ఎవరూ లేరు. రెండు మీటలు నొక్కితే సరిపోతుంది, తప్పు జరిగిందని కూడా ఎవరికీ తెలియదు. మెహరున్నీసా గారికి ఆ ధైర్యం పుట్టుకతోనే ఉందనీ, పేరు రాయడం ఆవిడకు పెద్ద పనేమీ కాలేదనీ అంతకాలం అనుకునేదాన్ని. నా పేరు సగం కొట్టి రెండుసార్లు చెరిపేశాక అర్థమైంది, ఆవిడకూ అది తేలికై ఉండదని. తప్పేమిటో, ఎలా జరిగిందో రాసి, చేసినవారు అన్న చోట నా పూర్తి పేరు కొట్టాను. ఒకసారి చదువుకున్నాను. సేవ్ చేసి, కిందికి వెళ్లి టీ తాగి వచ్చి, తర్వాతి కట్ట ముందు పెట్టుకుని, ఏది పైన ఉందో ఏది కింద ఉందో రాసుకోవడం మొదలుపెట్టాను.