నీళ్ళతో రాసే పద్యం

చైనాలోని లోయాంగ్‌లో మా సందు గోడలన్నిటి మీదా 'కూల్చాలి' అని ఎర్ర రంగుతో రాసిపోయారు, దిక్కుమాలిన సర్కారువాళ్ళు. ఆ రోజునుంచి పక్కింటి మియావో అత్తకి ముద్ద దిగలేదు. మొగుడు కట్టిన ఇల్లది. ఆయన కన్నుమూసిందీ అక్కడే.

చివరికి పార్కులో ముసలాళ్ళతో కలిసి రాయడం మొదలెట్టింది. చీపురంత కుంచెని బకెట్లో ముంచి, రాతిపలకల మీద నీళ్ళతో పాత పద్యాలు రాస్తారు. ఆఖరి పాదం రాసేలోగా మొదటిది ఆరిపోతుంది. అత్త రోజూ తావో అనే పాత వేదాంత గ్రంథంలోని ఒకటే పద్యం రాసేది. నీరు ఎవరితోనూ పోట్లాడదు, పల్లం చూసుకుని పోతుంది అని అందులో ఉంటుంది.

"ఇది రాసినంతసేపూ కడుపులో మంట చల్లారుతుందే" అనేది నాతో. మెల్లగా తిండి తినసాగింది.

ఒక పొద్దున వార్డు ఆఫీసరు ఫాన్ రంగు డబ్బా పట్టుకుని పార్కుకొచ్చాడు. మా ఇళ్ళు ఖాళీ చేయిస్తున్నది వాడే.

"అత్తా, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఇదే పద్యం మీ సందు గోడ మీద రంగుతో రాయి. చదివి, జనం గొడవ చెయ్యకుండా కదులుతారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అత్త మొహం జేవురించింది.

"ఏమయ్యా, నేను కళ్ళు తుడుచుకోడానికి రాసుకుంటున్న పద్యమిది. నువ్వు చేతులు దులుపుకోడానికి కాదు!"

బకెట్ ఎత్తి నీళ్ళన్నీ వాడి బూట్ల మీద కుమ్మరించింది. వాడు కెవ్వుమని గెంతాడు.

"ఎందుకయ్యా ఆ గెంతులు? నీళ్ళేగా! గొడవ చెయ్యకుండా కదులు."