మూడో చరణంలో విమానం

మొన్నటిదాకా పద్నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఇబ్రహీంపట్నం బస్సు డిపోలో ఇరవై ఆరేళ్లు టైమ్ కీపర్‌గా పనిచేసినవాణ్ని నేను. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో రాసిపెట్టడం నా ఉద్యోగం. ఎవరు నన్ను ఎప్పుడు లెక్కచేయలేదో గుర్తుపెట్టుకోవడం నా స్వభావం. ఈ ఉదయం డాబా మీద చాయ్ తాగుతుంటే నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానం ఒకటి కుట్టుమిషన్‌లా టకటకలాడుతూ నెత్తి మీదుగా పోయింది. నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి ‘ప్చ్’ అని వచ్చింది. ఆ వెంటనే సత్తన్న గుర్తొచ్చాడు. అలాంటి చప్పుడొకటి, అలాంటి ‘ప్చ్’ ఒకటి ఇప్పుడు సముద్రాల అవతల ఒక కంపెనీ వేసిన సీడీలో ఉన్నాయి. ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్లే నమ్మరు. మీరు సత్తన్నను చూడలేదు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

సత్తయ్యది బస్టాండు వెనక చిన్న రిపేరు దుకాణం. పైన ‘రేడియో దవాఖాన’ అని తానే రంగుతో రాసుకున్న బోర్డు. హైదరాబాదు పెరుగుతూ పెరుగుతూ మా ఊరి దాకా వచ్చిన రోజులవి. ఆదిభట్లకు కంపెనీ బస్సులు మొదలయ్యాయి. పాడైన రేడియోను బాగుచేయించుకునే ఓపిక ఎవరికీ లేదు, కొత్తది కొనేసుకుంటున్నారు. దుకాణం ముందు ఆగిన కార్లలోంచి తలలు బయటికొచ్చి ప్లాట్లు ఎటువైపని అడిగేవి. సత్తన్న తలెత్తకుండా చేతిలోని సోల్డరింగ్ కడ్డీ ఎటో చూపించేవాడు. కారు అటే పోయేది.

“యాడికి తోలినవ్ అన్నా వాళ్లను?” అని ఒకసారి అడిగాను.

“యాడికి తోలితే ఏందే? అన్ని దిక్కుల ప్లాట్లే గద.”

నేను ఆ దుకాణం మెట్లు మొదటిసారి ఎక్కింది మాత్రం తగవు పెట్టుకోవడానికి. ఆయన బాగుచేసి ఇచ్చిన మా టేప్‌రికార్డర్‌లో పాట కొంచెం వేగంగా నడుస్తోంది. ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు, నాకు తెలిసింది. “సత్తన్నా, నువ్వు ముట్టినంక పాట ఉరుకుతున్నది” అన్నాను, గొడవకు సిద్ధపడి. ఆయన కాదనలేదు. తన దగ్గరున్న టేపు ఒకటి పెట్టి, కళ్లు మూసుకుని విని, స్క్రూ ఒకటి చిటికెడు తిప్పాడు.

“నిజమే. జరంత ఉరుకుతున్నది. గింత సన్నం తప్పు పట్టినవంటే... మీ ఇంట్ల నిన్నెట్ల ఓర్సుకుంటున్నరే మల్లేశా?”

“ఓర్సుకుంటలేరు.”

“అయితే ఈడికి రా” అని స్టూలు ముందుకు తోశాడు. నా జీవితంలో ఒక ఫిర్యాదుకు బదులుగా కుర్చీ దొరకడం అదే మొదటిసారి, చివరిసారి కూడా.

దుకాణం వెనక గదిలో ఆయన అసలు సంసారం ఉండేది. అమెరికాలో నల్లజాతి పాటగాళ్లు ఎప్పుడో, మా తాతల కాలంలో, ఒక్క గిటారు పట్టుకుని పాడిన బ్లూస్ పాటలు. చాలా రికార్డులకు లోకంలో ఒకటో రెండో ప్రతులు మిగిలాయట. వాటిని వెతికి, శుభ్రం చేసి, సీడీలుగా మళ్లీ వేసే కంపెనీలు అక్కడ ఉన్నాయి. సత్తన్న ఆ సీడీలు పోస్టులో తెప్పించుకునేవాడు. హైదరాబాదులో పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజారులో గిన్నెల కింద దొరికిన నల్లటి రికార్డు ఒకటి ఆయనకు ఈ పిచ్చి అంటించింది. “ఇది దేంతోని చేసిండ్రో ఎర్కేనా? లక్క. చార్మినార్ కాడ గాజులు చేస్తరు సూడు, గదే లక్క. గందుకే నాకు పరాయిదనిపియ్యది” అనేవాడు.

నాకు ఆ భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ పాడే పద్ధతి వెంటనే అర్థమైంది. మొదటి మాట ఒకసారి పాడతాడు. అదే మాట మళ్లీ పాడతాడు. మూడోసారి తెగేసి ఇంకో మాట చెబుతాడు. రెండుసార్లు దరఖాస్తు పెట్టుకుని ఎవరూ వినకపోతే మూడోసారి ఏం చేస్తామో అచ్చం అదే. ఆ సంగతి చెబితే సత్తన్న పడీపడీ నవ్వాడు. “అవ్, ఈయన గూడ నీ లెక్కనే అర్జీ వెట్టుకుంటుండు. కాకపోతే తాళంల వెట్టుకుంటుండు. నువ్వు గూడ జర తాళం నేర్వరాదు?”

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఒక సీడీతో వచ్చిన పుస్తకం చివరి పేజీలో, ఎంత వెతికినా దొరకని రికార్డుల పట్టిక ఉంది. ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంపండి అని కింద విన్నపం. అందులో ఒక నంబరు సత్తన్న రికార్డు మీద, అక్షరాలు అరిగిపోయిన నడిమి కాగితం పక్కన, చెక్కి ఉంది. జుమ్మెరాత్ బజారు రికార్డే అది. ఆయన రెండు రోజులు దుకాణం తెరవలేదు.

ఆ రికార్డుకు అంచు నుంచి మధ్య దాకా వెంట్రుకంత పగులు. పోస్టులో పంపితే రెండు ముక్కలై చేరుతుంది. కాబట్టి పాటను మనమే కంప్యూటర్‌లోకి ఎక్కించి సీడీ పంపుదామన్నాడు. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుందని కుంకుడు రసం పలచగా చేసి, పావురం ఈకతో గీతల వెంబడి కడిగాడు. బూర గ్రామఫోన్‌ను తన ఇంట్లో పెట్టి, చుట్టూ మంచాలు నిలబెట్టి బొంతలు కప్పి, బూర ముందు పెళ్లిళ్ల మైకు వేలాడదీశాడు. కరెంటు ప్లేయర్ మీద పెట్టి, తీగతో నేరుగా కంప్యూటర్‌లోకి తీయొచ్చు కదా అన్నాను. “తీగలకెళ్లి పాట వస్తది. బూరలకెళ్లి అయితే మనిషి వస్తడు” అన్నాడు. రికార్డు మీద కాగితం ముక్క అంటించి, నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరుగుతోందా లేదా అని వాచీ పట్టుకుని లెక్కపెట్టడం నా వంతు.

మొదటి చరణం బాగా వచ్చింది. రెండోది ఇంకా బాగా. మూడో చరణం మధ్యలో పాటగాడు ఆగి గిటారు ఒక్కటే మోగిస్తున్నప్పుడు నాదర్‌గుల్ విమానం ఆ ఇంటి మీదికి వచ్చింది. నేను ‘ప్చ్’ అన్నాను. సత్తన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ వీపుకు తగులుతుంది.

పాట ముగిసింది. “మంచిగొచ్చింది, సాలు” అన్నాడు.

“ఏం మంచిగ? పాటల విమానం సప్పుడు వడ్డది, నేను వడ్డ. ఇంకోపారి పెట్టు.”

“పగులుతది మల్లేశా. ఇంకోపారి ఓర్వది.”

“తప్పులతోని ఎట్ల పంపుతవే? నేనొప్ప” అన్నాను. నేను పట్టిన పట్టు విడవనని ఊరంతటికీ తెలుసు. ఆయన నిట్టూర్చి ముల్లు మళ్లీ దించాడు. రెండో చరణం దాటలేదు. ముల్లు పగుల్లో ఇరుక్కుంది, పెటిల్లున చప్పుడైంది, ఎనభై ఏళ్లు బతికిన పాట నేల మీద రెండు ముక్కలై పడింది. సత్తన్న ముక్కలు ఏరి, తువ్వాల్లో చుట్టి, “చాయ్ తాగుదాం పా” అన్నాడు. ఆ తరవాత బతికినన్నాళ్లూ ఆ మాట ఎత్తలేదు. నాకు అన్యాయం చేసినవాళ్ల జాబితా నా దగ్గర పెద్దదే ఉంది. నేను చేసిన అన్యాయానికి మాత్రం ఆయన జాబితాలో చోటు దొరకలేదు. అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

మిగిలింది విమానం పడిన పాట ఒక్కటే. కంప్యూటర్ ముందు కూర్చుని, గీతల చిటపటలను ఒక్కొక్కటిగా తీసేశాం. నెలన్నర పట్టింది. సత్తన్న భార్య లక్ష్మక్క చాటతో వెళ్తూ, “బియ్యంల రాళ్లు ఏరుమంటే కండ్లు కనవడ్తలేవంటడు. పాటల రాళ్లు మాత్రం కనవడుతున్నయ్ ఈయనకు” అని దెప్పేది. చివరికి విమానం దగ్గరికి వచ్చాం. దాన్నీ నా ‘ప్చ్’నూ తీసేయమన్నాను. సత్తన్న మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

“అరిగింది తీస్తం. అయింది తియ్యం. ఆ పొద్దు ఇమానం వొయింది, నువ్వు ప్చ్ అన్నవ్. ఉత్తరంల గా ముచ్చట ఉన్నదున్నట్టు రాయి.”

ఇంగ్లీషు ఉత్తరం రాసింది నేనే. అంతా రాశాను; సత్తన్న పేరు, ఊరు, కుంకుడు రసం, ఈక, బూర, నంబరు. విమానం సంగతి రాయలేదు. ‘ప్చ్’ సంగతి రాయలేదు. రికార్డు ఎలా పగిలిందో అసలే రాయలేదు. రాశావా అని అడిగితే రాశానన్నాను. సీడీతో కలిపి పోస్టు చేశాం.

మా డిపోలో ఒక పద్ధతి ఉండేది. పల్లెల వాళ్లు డ్రైవరు చేతికి టిఫిన్ డబ్బానో మందుల పొట్లమో ఇచ్చి పంపేవాళ్లు. అందుకున్నవాళ్లు తిరుగు బస్సులో ‘ముట్టింది’ అని కబురు చెప్పి పంపాలి. ఆ కబురు వచ్చేదాకా పంపినవాళ్లు బస్టాండు కదిలేవాళ్లు కాదు. సత్తన్న కూడా అలాగే ఎదురుచూశాడు. “పేరు వద్దు, పొగడుడు వద్దు. ముట్టిందని ఒక్క ముక్క రాస్తే సాలు” అనేవాడు. పోస్టుమ్యాన్ సైకిలు బెల్లు వినిపిస్తే సోల్డరింగ్ ఆపి తల ఎత్తేవాడు. కార్లవాళ్ల కోసం ఏనాడూ ఎత్తని తల అది. మూడేళ్లు ఎత్తాడు. ఆ తరవాత ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. దుకాణం స్థలంలో ఇప్పుడు నాలుగంతస్తుల కాంప్లెక్సు ఉంది.

ఆయన పోయిన ఏడాదికి ఆ పాట కొత్త సీడీలో వచ్చింది. తెప్పించుకుని విన్నాను. మూడో చరణం, గిటారు, మా విమానం, నా ‘ప్చ్’. పుస్తకంలో సత్తన్న పేరు లేదు, ‘పేరు తెలియని సేకర్త’ అని ఉంది. ఆ కింద పండితుడెవరో పేజీన్నర రాశాడు: ఆ సమయంలో రికార్డింగు గది పక్కనుంచి రైలు వెళ్లిందట, దూరమవుతున్న ఆ రైలును విని పాటగాడు మాటలు చాలక నాలుకతో చేసిన చిన్న శబ్దం బ్లూస్ మొత్తానికే శిఖరమట. అరవై ఏళ్లుగా నా విసుగు విని ఒక్కరూ అయ్యో అనలేదు. ఇప్పుడు ఆ దేశంవాళ్లు దాన్ని విని కన్నీళ్లు పెట్టుకుంటున్నారు, అదీ వేరేవాడి పేరు మీద.

పేరెందుకు వేయలేదని ఉత్తరాలు రాసి ఆ కంపెనీని పద్నాలుగు సార్లు అడిగాను. పాట మాదేననడానికి నా దగ్గరున్న రుజువు మాత్రం ఒక్కసారీ రాయలేదు. రుజువు చూపించాలంటే నా తప్పు చూపించాలి కదా.

నిన్న పదిహేనో ఉత్తరం పోస్టు చేశాను. అందులో ఉన్నదున్నట్టు రాశాను. అయ్యా, మీరు రైలంటున్నది నాదర్‌గుల్ విమానం. మీరు శోకం అంటున్నది నా విసుగు. రికార్డును పగలగొట్టింది నా మొండితనం. పాటను మిగిల్చింది ఇబ్రహీంపట్నం రేడియో దవాఖాన సత్తయ్య. పేరు వేస్తారో లేదో మీ ఇష్టం, దాని మీద వేరే ఉత్తరాలు రాస్తాను. ముందు దీనికి జవాబు చెప్పండి. సత్తన్న పంపింది మీకు ముట్టిందా? మళ్లీ అడుగుతున్నాను, సత్తన్న పంపింది మీకు ముట్టిందా? ముడితే, ముట్టిందని ఒక్క ముక్క రాయండి.