మామ బొమ్మ ఉన్న మొదటి పేజీ

నిన్న బీరువా సర్దుతుంటే అడుగు అరలో, పాత పట్టుచీర మడతల మధ్య ఒక సీడీ దొరికింది. దాని మీద నా చేతిరాతే, ‘మొదటి పేజీ, పాతది’ అని. సెలవుకు వచ్చిన మా అమ్మాయి బెంగళూరులో చేసే ఉద్యోగం కూడా ఇలాంటి పేజీలు తయారు చేయడమే. వాళ్లు దాన్ని లాండింగ్ పేజీ అంటారు. సాఫ్ట్‌వేర్ అమ్ముకునేవాళ్ల వాకిలి అన్నమాట. వచ్చినవాడు లోపలికి అడుగు పెడతాడో, అట్నుంచి అటే పోతాడో అక్కడే తేలిపోతుంది. ఆ పని వాళ్లమ్మ అనంతపురంలో కూర్చుని ఎప్పుడో చేసిందంటే అది నమ్మదు. చూసుకోమని సీడీ దాని చేతిలో పెట్టాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మా మేనమామ ఇంటి ముందు గదిలో మా ఆయనా నేనూ రెండు కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్నాం. చెనక్కాయ మిల్లులవాళ్లు తమ మూటలు ఏ గోదాములో ఉన్నాయో ఇంటర్నెట్‌లో చూసుకునే సాఫ్ట్‌వేర్ ఆయన రాశారు, దాన్ని ఊరికి చూపించే మొదటి పేజీ నా వంతు. ఉగాదిలోగా ఒక్క మిల్లయినా చేరకపోతే గది ఖాళీ చేసి బెంగళూరు పోవాలని మా ఇద్దరి ఒప్పందం. నాకు పోవాలని లేదు. మధ్యాహ్నం పూట ఇంటర్నెట్‌కు ఫోను లైను కూతపెట్టి కలిసేదాకా కిటికీలోంచి చూస్తే, కురవకుండా తేలిపోయే మబ్బుల నీడలు ఎర్రటి బీళ్ల మీద మెల్లగా నడిచిపోయేవి, కీబోర్డు మీద సన్నగా దుమ్ము పడేది, లోపలి నుంచి అత్త వేసిన తిరగమోత వాసన వచ్చేది. నా బతుకులో నాదంటూ ఉన్న మొదటి కుర్చీ అది.

మీలో ఆ రోజులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, అప్పటికి మన ఇళ్లలో అందంగా అచ్చువేసిన కాగితమంటే పెళ్లి పత్రికే. నేనూ పేజీని అలాగే చేశాను. పైన ముగ్గురు దేవుళ్లు, కింద గది ఇచ్చిన పుణ్యానికి తలపాగాతో మా మామ నిలువెత్తు బొమ్మ, ఆ కింద అత్తలు, పెదనాన్నలు, బావల పేర్లు వరసగా. పత్రికలో ఒక పేరు వదిలితే మూడు తరాలు మాటలుండవు కదా, ఎవరినీ వదల్లేదు. మూటల సంగతి ఎక్కడో అడుగున రెండు వాక్యాలు. మామ రోజూ సాయంత్రం కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేవాడు. బొమ్మలు తెర మీద గీత గీతగా దిగే కాలం. ముందు తలపాగా, తర్వాత నుదురు, మీసాలు వచ్చేసరికి అత్త కాఫీ కూడా వచ్చేది. ఆయన ముసిముసిగా నవ్వుకునేవాడు.

ఉగాది నెలరోజులుందనగా గుత్తి నుంచి ఒక మిల్లు పెద్దాయన వచ్చాడు. దేవుళ్లు దిగుతుంటే దణ్ణం పెట్టుకున్నాడు, పేర్లన్నీ ఓపిగ్గా చదివాడు, లేచి కండువా దులుపుకుని, “బాగుండాది తల్లీ. పెండ్లి యాడ?” అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడే విడపనకల్లు దగ్గరి మా ఊరి నుంచి వచ్చిన నాయన అంతా వింటూ గడపలో కూర్చుని ఉన్నాడు. “ఏమ్మా, మూట ఇప్పకుండా వంశమంతా చెప్తాండావే. గుప్పెడు కాయలు చేతిలో పొయ్యి, వాడే ఒలుచుకుంటాడు” అన్నాడు. చిన్నప్పుడు ఆయన వెంట మార్కెట్టుకు పోయినప్పుడు చూసిందే అది. కొనేవాడు కాయను చెవి దగ్గర ఆడించి, ఒలిచి, పప్పు నోట్లో వేసుకునేదాకా నాయన నోరు విప్పేవాడు కాదు.

రెండు రోజుల్లో పేజీ మొత్తం మార్చాను. ‘మీ మూట ఏ గోదాములో ఉంది?’ అని ఒక్క ప్రశ్న, మూట నంబరు కొట్టడానికి ఒక గడి, నొక్కడానికి ఒక మీట. నంబరు కొడితే ఉత్తుత్తి మూట ఒకటి ఎక్కడుందో కనిపించేది. దేవుళ్లను తీసేటప్పుడు లెంపలేసుకున్నాను. మామను తీసేటప్పుడు మాత్రం, ఆయనకు తర్వాత చెప్పుకోవచ్చులే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన ఎప్పటిలాగే కుర్చీ లాక్కున్నాడు. పేజీ చిటికెలో వచ్చేసింది. కిందికి జరపమన్నాడు, జరపడానికి ఏమీ లేదు. “నేను యాడుండానమ్మా?” అని అడిగాడు. కుర్చీ ఎక్కడిదక్కడ పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

గుత్తి పెద్దాయన మళ్లీ వచ్చి, నాలుగు నంబర్లు కొట్టి చూసి చేరాడు. ఉగాదికి మరో రెండు మిల్లులొచ్చాయి. గది నిలిచింది. మామ అద్దె అడగలేదు, ఎవరిచేతా నన్ను మాటా పడనివ్వలేదు, పండగకు నాకు చీరా పెట్టాడు. కానీ కన్నుమూసేదాకా ఆ కంప్యూటరు ముందు మళ్లీ కూర్చోలేదు. గెలిచిన పేజీ నాదేనని అందరూ మెచ్చుకున్న రోజు కూడా నా కళ్లు ఆ ఖాళీ కుర్చీ మీదే ఉన్నాయి.

సీడీ తెరిచి మా అమ్మాయి పడీపడీ నవ్వింది. ఇంతమంది ఎవరమ్మా అని అడిగితే ఒక్కొక్కరినీ చెప్పుకొచ్చాను. సగానికి పైగా ఇప్పుడు లేరు. ఇప్పటి పేజీల్లో ఎవరూ ఉండరు, ఉండకూడదని నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ పనికిరాని పేజీలో మాత్రం మావాళ్లంతా ఒక్కచోట ఉన్నారు. ఈ కాలపు కంప్యూటరు కదా, రెప్పపాటులో మామ నిలువునా వచ్చేశాడు. ముందు తలపాగా, తర్వాత నుదురు, ఆ మీసాలు, అప్పట్లాగే నెమ్మదిగా దిగివుంటే ఎంత బాగుండేదో. ఈసారి పక్కన కుర్చీ వేసుకుని నేను కూర్చుని ఉండేదాన్ని.